‘అర్థం కాలేదు సార్’ అనడం నేర్పండి

సంపాదకుడు గారికి, నమస్కారం.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ పని చేసి రిటైరయ్యాను. ఐటీఐ, డిప్లొమా పూర్తిచేసి కొత్తగా పనిలో చేరే పిల్లలను ఏటా దగ్గర్నుంచి చూశాను. పొదిలి, దర్శి, కనిగిరి వైపు వాళ్లే ఎక్కువ. పని రాక ఇబ్బంది పడ్డవాళ్లకంటే నోరు తెరవలేక ఇబ్బంది పడ్డవాళ్లనే ఎక్కువగా చూశాను.

ఒకసారి నైట్ షిఫ్టులో ఒక కొత్త కుర్రాడిని బ్లాక్ కట్టర్ దగ్గర పెట్టాం. రాయి కోస్తున్నంతసేపూ బ్లేడు మీద నీళ్లు ధారగా పడుతూనే ఉండాలి. తగ్గితే బ్లేడు వేడెక్కి, అంచునుండే డైమండ్ సెగ్మెంట్లు, అంటే రాయిని కోసే ముక్కలు, ఊడిపోతాయి. రాత్రి రెండు గంటలప్పుడు ధార సన్నబడటం వాడు చూశాడు. ఆపరేటర్ ఒడిశా మనిషి, బాగా సీనియర్. ఆయనకు తెలియదా, మధ్యలో నేనెందుకులే అని ఊరుకున్నాడు. కాసేపటికే సెగ్మెంట్లు లేచిపోయాయి. ఒకటి వెళ్లి షెడ్డు రేకుకు తగిలి సొట్ట పడింది. ఆ పక్కన మనిషి లేడు కాబట్టి సరిపోయింది. పొద్దున్నే అడిగితే “చూశాను సార్, చెబితే తిడతారేమోనని...” అని తల వంచుకున్నాడు. వాడిని ఏమీ అనలేకపోయాను. అంతకుముందు వారమే ఏదో అడిగినందుకు మా సూపర్‌వైజర్ వాడిని అందరి ముందూ కసిరాడు మరి.

సాఫ్ట్ స్కిల్స్ అనగానే మనవాళ్లకు ఇంగ్లీషులో గడగడా మాట్లాడటం, టక్ చేసుకుని ఇంటర్వ్యూకి వెళ్లడం గుర్తొస్తాయి. మిషను దగ్గర కావాల్సింది వేరు. అర్థం కాకపోతే మళ్లీ అడగాలి. తేడా కనిపిస్తే అప్పుడే చెప్పాలి. షిఫ్టు దిగేటప్పుడు ఏ మోటారు వేడెక్కుతోందో, ఏ బెల్టు జారుతోందో లాగ్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయాలి, తెలుగులోనైనా సరే. వచ్చీరాని హిందీతోనైనా పక్క రాష్ట్రం వాళ్లతో కలిసిపోవాలి. కరెంటు లైన్‌మెన్‌ను అడగండి. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకుని స్తంభం ఎక్కినవాడి ప్రాణం సబ్‌స్టేషన్‌లో ఉన్నవాడితో మాట్లాడిన ఆ రెండు మాటల మీదే ఉంటుంది.

ఐటీఐల్లో ఎంప్లాయబిలిటీ స్కిల్స్ అని ఒక సబ్జెక్టు ఉంది. మంచిదే. కానీ మా చెల్లెలి కొడుకు నోట్సు తిరగేస్తే “కమ్యూనికేషన్ అనగానేమి? దాని రకములు వ్రాయుము” అని ఉంది. కింద రెండు పేజీల జవాబు బట్టీ పట్టాడు. వర్క్‌షాపులో డ్రిల్లింగ్ మిషను ఎందుకు ఆగిపోయిందో చెప్పమంటే మాత్రం మాట రాలేదు.

ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల ఐటీఐలు, పాలిటెక్నిక్‌ల ప్రిన్సిపాళ్లకు నా మనవి ఒకటే. ఈ సబ్జెక్టును క్లాసు గదిలోంచి వర్క్‌షాపుకు మార్చండి. రోజూ ఒక పిల్లవాడు ఆ రోజు పని లాగ్‌బుక్‌లో రాసి, మరునాటి వాడికి నోటితో అప్పగించాలి. ఫ్యాక్టరీ యజమానులు కూడా కొత్తవాళ్లు ఏదైనా అడిగితే కసరవద్దని సూపర్‌వైజర్లకు గట్టిగా చెప్పాలి. ఏ కాలేజీ పిలిచినా నెలకు రెండు రోజులు వచ్చి చెప్పడానికి నేను సిద్ధం. మా పాత లాగ్‌బుక్కులు రెండు నా దగ్గరున్నాయి, పిల్లలకు చూపించడానికి తెస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా