నాన్నలందరూ డాక్టర్లే: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇంగ్లీషులో వెనకబడ్డ పిల్లలకు రాయడం నేర్పే టీచర్ని నేను. ఒకసారి 'మై ఫాదర్' అని వ్యాసం రాయమన్నాను. దిద్దుతుంటే నాన్నలందరూ డాక్టర్లే. గైడులో నమూనా వ్యాసం 'మై ఫాదర్ ఈజ్ ఎ డాక్టర్' అని మొదలవుతుంది మరి. డ్రైవరు కొడుకూ అదే రాశాడు. నాన్న లేని అమ్మాయీ అదే రాసింది. ఆమె పేపరు మీద మార్కు వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. తప్పు పిల్లలది కాదు. నమూనా చేతికిచ్చాం గానీ, దాన్ని ఏం చేసుకోవాలో మేం చెప్పలేదు.

అలాగని నమూనాలే వద్దనే వాళ్లతో నేను ఏకీభవించను. 'సొంతంగా రాయి' అని తెల్లకాగితం ఇస్తే భాష వచ్చిన పిల్లలు రాస్తారు. రాని పిల్లలు మాట వెతుక్కోవాలి, వాక్యం కూర్చుకోవాలి, స్పెల్లింగ్ చూసుకోవాలి, తర్వాత ఏం చెప్పాలో ఆలోచించాలి. అన్నీ ఒకేసారి. టెన్షన్‌తో పెన్ను కదలదు. 1985లో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ ఆల్జీబ్రా మీద చేసిన పరిశోధనలో, చేసి చూపిన లెక్కలు చదివి నేర్చుకున్నవాళ్లు, సొంతంగా లెక్కలు చేస్తూ నేర్చుకున్నవాళ్ల కంటే అలాంటి లెక్కలను త్వరగా, తక్కువ తప్పులతో చేశారు. వ్యాసం లెక్క కాదు, నిజమే. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ల బుర్ర మీద పడే బరువు రెండు చోట్లా ఉంటుంది.

చదివింది బట్టీగా మారకుండా ఎలా? అమెరికా రచయిత, నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో తనకు నచ్చిన పత్రికా వ్యాసంలోని ఒక్కో వాక్యం భావాన్ని క్లుప్తంగా రాసి పెట్టుకునేవాడు. కొన్నాళ్లాగి, అసలు చూడకుండా మళ్లీ తన మాటల్లో రాసి, అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. మా క్లాసులో నేను చేసేది ఇంచుమించు ఇదే. ఒకే విషయం మీద ఎనిమిది, పది వాక్యాల నమూనాలు రెండు ఇస్తాను. ఒక్కటే ఇస్తే దింపేస్తారు, రెండుంటే పోల్చి చూస్తారు. వాటిలో ఒకటి పాత విద్యార్థి రాసింది. 'ఈ వాక్యం తీసేస్తే ఏమవుతుంది? రెండో పేరా ఇక్కడే ఎందుకు మొదలైంది?' అని అడుగుతాను. తర్వాత వేరే విషయం తీసుకుని బోర్డు మీద అందరం కలిసి రాస్తాం. అప్పుడు నమూనా కాగితాలు వెనక్కి తీసుకుంటాను. ఇలా కొన్ని వారాలయ్యాక, నాన్న లేని ఆ అమ్మాయి తన అమ్మమ్మ గురించి ఆరు వాక్యాలు రాసింది. రెండు చోట్ల 'ఎస్' పెట్టడం మరిచిపోయింది. మిగతాదంతా వాళ్ల అమ్మమ్మే.

పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడున్న నమూనాలు పెద్దవాళ్లు రాసినవి, తప్పులేనివి, మా పిల్లలకు అందనంత ఎత్తులో ఉన్నవి. వాళ్ల స్థాయికి ఒక్క మెట్టు మాత్రమే పైన ఉన్న వ్యాసాలు వేయించండి, ప్రతి అంశానికీ కనీసం రెండు. కలిసి రాసే పనికి టైంటేబుల్‌లో వరసగా రెండు పీరియడ్లు ఇప్పించండి. ఒక్క పీరియడ్ నమూనా చదవడానికే సరిపోతోంది. అన్నిటికంటే ముందు పరీక్ష మారాలి. గైడులోని వ్యాసాన్ని పొల్లుపోకుండా దింపిన పేపరుకు ఎక్కువ మార్కులు, ఆరు సొంత వాక్యాలకు తక్కువ మార్కులు వస్తున్నంత కాలం నేను క్లాసులో ఏం చెప్పినా పిల్లలు గైడే కొనుక్కుంటారు. వచ్చే పరీక్షలోపే మార్కుల పద్ధతిని సవరించమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ఇంగ్లీషు టీచర్