రాత్రి వేళ నెట్ నిలిచిపోవడంపై మా కస్టమర్లకు వివరణ

తెనాలిలో మా వద్ద ఫైబర్ కనెక్షన్ తీసుకున్న చాలామంది వేసవి నుంచి ఒకే ఫిర్యాదు చేస్తున్నారు. రాత్రి ఎనిమిది దాటితే అమెరికాలోని పిల్లలతో వీడియో కాల్ మాట్లాడుతుండగా బొమ్మ కదలకుండా నిలిచిపోతోందనీ, మాట తెగిపోతోందనీ, ఆన్‌లైన్ ఆటలలో ల్యాగ్ వస్తోందనీ చెబుతున్నారు. ప్రతిసారీ మా కుర్రాళ్ళు మర్నాడు పగటిపూట వచ్చి, స్పీడ్ టెస్ట్‌లో వంద చూపించి, "మా లైను బాగానే ఉందండీ, మీ రూటరే పాతబడింది" అని చెప్పి వెళ్ళారు. అలా చెప్పమన్నది నేనే. ఆ మాట నమ్మి కొందరు మా దగ్గరే కొత్త రూటర్లు కొన్నారు. ఆ సలహా చాలా ఇళ్ళ విషయంలో తప్పని తేలింది కనుక ఈ వివరణ రాస్తున్నాను.

స్పీడ్ టెస్ట్ చూపే వంద, సెకనుకు ఎంత డేటా వస్తుందో చెప్పే లెక్క. ఒక చిన్న ప్యాకెట్ (డేటాను విడగొట్టి పంపే చిన్న మూట) వెళ్ళి జవాబుతో తిరిగి రావడానికి పట్టే సమయం వేరు. దానినే లేటెన్సీ అంటారు, మిల్లీసెకన్లలో కొలుస్తారు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నైకి వెళ్ళి రావడానికి దారిలో పట్టేది 4 మిల్లీసెకన్లే. చుట్టుదారులూ, మధ్యలోని పరికరాలూ కలుపుకున్నా అది ఇరవైకి అటూ ఇటూ ఉండాలి. ఒక రాత్రి మా ఇంట్లోనే కొలిస్తే 400 దాటింది. అంటే ప్యాకెట్ ప్రయాణంలో లేదు, ఎక్కడో క్యూలో నిలబడి ఉంది.

మా ఇంట్లో ఆ క్యూ రూటర్ లోపలే ఉంది. పెళ్ళికి వెళ్ళి వచ్చిన మా అబ్బాయి ఫోను, వైఫై అందగానే ఫొటోలూ వీడియోలూ క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. వంద ప్లానులో మేము అప్‌లోడ్‌కు ఇచ్చేది 20 ఎంబీపీఎస్ (సెకనుకు 20 మెగాబిట్లు) మాత్రమే. రూటర్ బఫర్‌లో, అంటే పంపాల్సిన డేటా వంతు కోసం ఆగే చోట, ఒక మెగాబైట్ పేరుకుంటే, అంటే 8 మెగాబిట్లు, అది ఖాళీ కావడానికే 400 మిల్లీసెకన్లు పడుతుంది. వీడియో కాల్ ప్యాకెట్ దాని వెనకే నిలబడాలి. దీనిని బఫర్‌బ్లోట్ అంటారు. జిమ్ గెటీస్ అనే ఇంజనీరు 2010లో తన ఇంటి కనెక్షన్‌లోనే దీనిని గమనించారు. ఈ వ్యాపారంలో ఉండి కూడా నేను ఇన్నాళ్ళకు గాని దీని జోలికి వెళ్ళలేదు. సాయంత్రం ఇంటిల్లిపాదీ ఫోన్లతో తిరిగి రావడం, క్లౌడ్‌లో రికార్డు చేసే సీసీ కెమెరాలు ఆపకుండా పంపుతూ ఉండడం వల్ల ఈ బాధ రాత్రివేళే ఎక్కువ.

దీనికి మందు రూటర్ మార్చడం కాదు, సెట్టింగ్ మార్చడం. అప్‌లోడ్‌ను 20కి బదులు 17 దగ్గర కట్టివేసి, రూటర్‌లో ఎస్‌క్యూఎం (క్యూ పేరుకోకుండా చూసే సెట్టింగ్) ఉంటే దానిని ఆన్ చేస్తే, పెద్ద ఫైళ్ళ మధ్య నుంచి కాల్ ప్యాకెట్లకు దారి దొరుకుతుంది. మేమిచ్చిన చవక రూటర్లలో కొన్నింటికి ఈ సౌకర్యం లేదు. అలాంటివారు ఫొటోల బ్యాకప్‌ను పడుకునే ముందు మాత్రమే ఆన్ చేసుకోవడం ప్రస్తుతానికి మేలు. సెట్టింగ్ మార్చాక స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ కాస్త తగ్గి కనిపిస్తుంది. దయచేసి దానిపై మళ్ళీ ఫిర్యాదు చేయకండి.

ఇక పూర్తిగా మా తప్పు ఒకటుంది. మీ వీధుల ఫైబర్లన్నీ వచ్చి కలిసే మా ఓఎల్‌టీ అనే పరికరం నుంచి పైకి వెళ్ళే లింకు ఒక గిగాబిట్‌ది. నేను రోజువారీ సగటు చూసి సగం కూడా నిండలేదని నిశ్చింతగా ఉన్నాను. గంటగంటకూ విడదీసి చూస్తే, రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా గ్రాఫ్ పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉంది, అంటే ఆ వేళ లింకు పూర్తిగా నిండిపోతోంది. తెల్లవారుజామున ఖాళీగా ఉండే గంటలు ఆ సగటులో కలిసి దీనిని కప్పిపెట్టాయి. రెండో లింకుకు డబ్బు కట్టాను; అది అందేవరకు పాత లింకు మీద కొత్త కనెక్షన్లు ఇవ్వను.

లోపం ఎక్కడుందో మీరే చూసుకోవచ్చు. రాత్రి నెట్ ఆగుతున్న సమయంలోనే ముందుగా రూటర్‌కు, చాలా ఇళ్ళలో 192.168.1.1 అనే అడ్రసుకు, పింగ్ (జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తుందో చూపే పరీక్ష) కొట్టండి. అదే యాభై, వంద చూపిస్తే బాధ వైఫైది: రూటర్ బీరువా వెనకో టీవీ వెనకో ఉంటే బయట పెట్టండి, 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి మారండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్ళు 1, 6, 11 మాత్రమే. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు రూటర్లన్నీ వాటికోసమే పోటీపడతాయి. రూటర్ దాకా నిలకడగా ఉండి ఇంటర్నెట్‌లోని బయటి అడ్రసుకు కొట్టిన పింగ్ పెరుగుతుంటే, మిగతా ఫోన్లనూ కెమెరాలనూ కాసేపు వైఫై నుంచి తీసివేయండి. తగ్గితే పైన చెప్పిన అప్‌లోడ్ క్యూ. తగ్గకపోతే తప్పు చాలావరకు మాదే, ఫోన్ చేయండి.

మా మాట మీద రూటర్ కొన్నవారు బిల్లు చూపిస్తే ఆ మొత్తాన్ని వచ్చే నెలల చందాలో మినహాయిస్తాను. రూటర్ మీ దగ్గరే ఉంచుకోవచ్చు. ఇకపై లేటెన్సీ ఫిర్యాదులకు మా కుర్రాళ్ళు రాత్రి ఏడు నుంచి పది మధ్యే వస్తారు, ఎందుకంటే పగలు పదకొండు గంటలకు వచ్చి చూస్తే ఏ ఇంట్లోనూ ఏ లోపమూ కనిపించదు. ఇందువల్ల పగటిపూట జరిగే ఇతర పనులు ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు.