బావిని కాసేది మడ్ ట్యాంకు దగ్గరున్న కుర్రవాడే

సంపాదకుల వారికి నమస్కారం.

ఉద్దానం యువకులు చమురు రిగ్గులపై కొలువులు సంపాదిస్తున్నారని మీ జిల్లా పేజీలో వేసిన కథనం చదివాను. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏ వీధికి వెళ్లినా వెల్డరుగానో, ఫిట్టరుగానో బయటి రాష్ట్రాల్లో, బయటి దేశాల్లో పని చేస్తున్న పిల్లలున్న ఇళ్లే కనిపిస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చాక తోటలు పోయిన ఇళ్ల నుంచి మరికొందరు బయలుదేరారు. పిల్లలకు పని దొరికిందంటే ఎవరికి చేదు? కథనం చివర ఒక శిక్షణ కేంద్రం నిర్వాహకుడు చెప్పిన మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. ఇప్పటి రిగ్గులకు బ్లోఔట్‌ను, అంటే బావి అదుపు తప్పి వాయువు, చమురు ఎగదన్నడాన్ని, ఆపే యంత్రాలున్నాయి, కాబట్టి భయపడనక్కర్లేదు అన్నారాయన. కృష్ణా-గోదావరి బేసిన్‌లో డెరిక్‌మ్యాన్‌గా (రిగ్గు టవరు మీద పైపులు సర్దేవాడిగా) మొదలై డ్రిల్లరుగా (తవ్వకం నడిపేవాడిగా) ఉద్యోగ విరమణ చేసినవాడిని కనుక దీనికి జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

ఆయన చెప్పిన యంత్రం ఉన్న మాట నిజం. దాన్ని బ్లోఔట్ ప్రివెంటర్ అంటారు, రిగ్గు మీద అందరం బి.ఓ.పి. అంటాం. రిగ్గు ఫ్లోరు కింద, బావి నోటి మీద బిగించి ఉంటుంది. పై భాగంలో యాన్యులర్ ఉంటుంది. అందులోని మందపాటి రబ్బరు బిగుసుకుంటే పైపు చుట్టూ ఖాళీ మూసుకుపోతుంది. దాని కింద రామ్‌లు ఉంటాయి. పైపు ఉన్నప్పుడు దాని చుట్టూ మూసేవి కొన్ని, పైపు లేనప్పుడు బావిని మూసేవి కొన్ని, తప్పనిసరైతే పైపునే కోసి మూసేవి కొన్ని. కరెంటు పోయినా ఇవి కదలడానికి అక్యుములేటర్ సీసాల్లో చదరపు అంగుళానికి 3000 పౌన్ల ఒత్తిడితో హైడ్రాలిక్ ఆయిలు నిలవ ఉంచుతారు. మంచి యంత్రమే, నేను దానికి ఎన్నోసార్లు మనసులో దండం పెట్టుకున్నాను. కానీ మన నేల మీది రిగ్గుల్లో అది తనంతట తాను మూసుకోదు. బావిలో తేడా వచ్చిందని ఎవరో చూడాలి, చూసినవాడు అరవాలి, విన్నవాడు లివరు తిప్పాలి.

అసలు బావిని అదుపులో ఉంచే మొదటి అడ్డు బి.ఓ.పి. కాదు, బావి నిండా ఉండే మడ్. బెంటోనైటు మట్టి, నీరు, రసాయనాలు కలిపి, బరువు కోసం బేరైటు పొడి వేసి తయారు చేసే ద్రవం అది. పంపు దాన్ని పైపు లోపలి నుంచి బావిలోకి తోస్తుంది, అది పైపు చుట్టూ పైకి వచ్చి, షేకర్ అనే జల్లెడ మీదుగా మడ్ ట్యాంకులోకి చేరుతుంది. ఆ బేరైటు ఎక్కడిదో మన పిల్లలకు ఎవరూ చెప్పరు. రాయలసీమలో ఓబులవారిపల్లె దగ్గర మంగంపేటలో దొరికే ముగ్గురాయే అది. ప్రపంచంలోని అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటి మన రాష్ట్రంలోనే ఉంది. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువుండే ఆ రాయిని పొడి చేసి మడ్‌లో కలిపితే, ఆ బరువే అడుగున ఉన్న వాయువును పైకి రానీయకుండా అదిమి పెడుతుంది.

ఈ లెక్క పదో తరగతి చదివిన పిల్లవాడికి అర్థమవుతుంది. 10 మీటర్ల లోతు నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి ఇస్తుంది. 3000 మీటర్ల బావిలో నీరే ఉంటే అడుగున 300 కిలోలు. నీటి కంటే 1.2 రెట్లు బరువైన మడ్ ఉంటే 360. అడుగున పొరలో వాయువు ఒత్తిడి 340 అనుకోండి, మనం 20 కిలోలు పైచేయిగా ఉన్నట్టు. ఇప్పుడు మడ్ పొరల్లోని పగుళ్లలోకి ఇంకిపోయో, పైపులు బయటికి లాగుతూ బావిని నింపకపోవడం వల్లో మట్టం 200 మీటర్లు దిగిందనుకుందాం. మిగిలిన 2800 మీటర్ల మడ్ ఇచ్చేది 336 మాత్రమే. ఏ బోల్టూ విరగలేదు, ఏ యంత్రమూ చెడలేదు. అయినా వాయువు బావిలోకి అడుగు పెట్టింది. దాన్నే కిక్ అంటాం. కిక్‌ను అదుపు చేయలేకపోతే బ్లోఔట్.

పైపులు బయటికి లాగే పని గురించి కొంచెం విడిగా చెప్పాలి. అందరూ డ్రిల్లింగ్ నడుస్తున్నప్పుడే ప్రమాదమని అనుకుంటారు, పైపు తీసేటప్పుడు సగం నిద్రలో ఉంటారు. 5 అంగుళాల డ్రిల్ పైపు ఒక స్టాండు, అంటే దాదాపు 27 మీటర్లు బయటికి వస్తే ఆ ఇనుము ఖాళీ చేసిన చోటుకు సుమారు 100 లీటర్ల మడ్ పోయాలి. పది స్టాండ్లు తీస్తే 1000 లీటర్లు. దీన్ని కొలవడానికే ట్రిప్ ట్యాంకు అనే చిన్న ట్యాంకు ఉంటుంది. పది స్టాండ్లు తీశాక బావి 700 లీటర్లే తాగిందంటే మిగతా 300 లీటర్ల చోటును ఎవరు నింపారు? పొరలోంచి వచ్చిన వాయువో, నీరో నింపింది. తొందరపడి పైపును వేగంగా లాగితే దాని చివర ఉండే బిట్టు (రాయిని తవ్వే పనిముట్టు) సిరంజి పిస్టన్ మాదిరిగా పనిచేసి వాయువును తానే బావిలోకి పీల్చుకుంటుంది. ట్రిప్ ట్యాంకు స్కేలు చూసి కాగితం మీద అంకెలు రాసే కుర్రవాడు తన చేతిలో ఏముందో తెలిసి రాయాలి. 'అలాగే వేసెయ్' అన్న పైవాడి మాట విని 1000 అని రాసేస్తే ఆ కాగితం ఎందుకూ కొరగాదు.

ఇంకో చిక్కు ఉంది. అడుగున దూరిన వాయువు మొదట్లో తన బలం చూపదు. పైకి జరిగేకొద్దీ మీద ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది. సగం దూరం వచ్చేసరికి ఉజ్జాయింపుగా రెండింతలు, ఉపరితలానికి 300 మీటర్ల దిగువకు చేరేసరికి తొమ్మిదింతలు, బయటపడేసరికి వందల రెట్లు. అందుకే మడ్ ట్యాంకు మట్టం కొంచెమే పెరిగినప్పుడు పసిగట్టాలి. స్పష్టంగా కనిపించేదాకా ఆగితే ఆ తరువాత మిగిలే సమయం చాలా తక్కువ.

ఆ 'కొంచెం' కంటబడేది ఎవరికి? ఏసీ గదిలో కూర్చున్న ఇంజనీరుకు తెర మీద అంకెలు కనిపిస్తాయి, సరే. కానీ సెన్సరు మీద మట్టి పేరుకుపోవచ్చు, ఎవరో అలారం మోగకుండా ఆపేసి ఉండవచ్చు. షేకర్ దగ్గర, ట్యాంకుల దగ్గర పన్నెండు గంటల డ్యూటీలో నిలబడేది మాత్రం మన కుర్రవాళ్లే.

ఒక వర్షపు రాత్రి నేను బ్రేకు దగ్గర ఉన్నాను. కొత్త పైపు కలపడానికి పంపు ఆపాం. షేకర్ దగ్గర మందస వైపు కుర్రవాడు, చేరి ఎక్కువ కాలం కాలేదు. పరుగెత్తి మెట్లెక్కి వచ్చి, "బాబాయ్, పంపు ఆగినా మడ్ వస్తూనే ఉంది" అన్నాడు. పైపు జాయింటు రామ్‌కు అడ్డు రాకుండా స్ట్రింగును (బావిలోని పైపుల వరుసను) పైకెత్తి, మరోసారి చూసి, బావి మూశాం. పైపు లోపలి ఒత్తిడి చూపే డ్రిల్ పైపు గేజీ ముల్లు లేచింది, పైపు చుట్టూ ఉన్న ఖాళీలో ఒత్తిడి చూపే కేసింగ్ గేజీ అంతకంటే ఎక్కువ లేచింది. ఆ రెండు అంకెలే తరువాతి పనికి ఆధారం. అడుగున ఒత్తిడి తగ్గకుండా చోక్ అనే వాల్వు ద్వారా కొద్దికొద్దిగా వదులుతూ వాయువును బయటికి పంపి, బరువు పెంచిన మడ్‌తో బావిని నింపాం. తెల్లవారాక టీ తాగి మళ్లీ పని మొదలుపెట్టాం. మరునాడు ఏ పత్రికలోనూ వార్త రాలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చూశాను. పంపు ఆపిన వెంటనే పై లైన్లలో మిగిలిన మడ్ కొద్దిసేపు కారుతుంది. అది సహజం. ఇంకొక రిగ్గులో అలా కారడం చూసి ఒక పిల్లవాడు గట్టిగా కేక వేస్తే, పై అధికారి పదిమందిలో అతన్ని ఎగతాళి చేశాడు. పది నిమిషాల పని పోయిందట. ఆ తరువాత ఆ కుర్రవాడు ఏం చూసినా నోరు విప్పలేదు. ఆ పది నిమిషాలు ఆదా చేసి ఆ అధికారి కట్టుకున్న మేడ ఏదో నాకు తెలియదు.

యంత్రాల మీద అంత నమ్మకమున్న నిర్వాహకుడికి మెక్సికో అఖాతంలో 2010 ఏప్రిల్ 20న జరిగింది తెలిసే ఉండాలి. డీప్‌వాటర్ హొరైజన్ ఆ కాలపు ఆధునిక రిగ్గుల్లో ఒకటి. సముద్రం అడుగున దాని బి.ఓ.పి. భారీగా ఉంది, పైపును కోసే రామ్ కూడా ఉంది. కానీ ఒత్తిడి పరీక్షలో కనిపించిన తేడాను తప్పుగా అర్థం చేసుకున్నారు. తరువాత చమురు, వాయువు బావిలోకి వస్తున్నాయని 40 నిమిషాలకు పైగా గుర్తించలేదు. తీరా మూయబోయేసరికి బి.ఓ.పి. బావిని పూర్తిగా మూయలేకపోయింది. 11 మంది చనిపోయారు, 87 రోజులు చమురు సముద్రంలో కలిసింది. అస్సాంలోని బాగ్‌జాన్‌లో 2020 మే 27న అదుపు తప్పినది కొత్తగా తవ్వుతున్న బావి కాదు, మరమ్మతులో ఉన్న బావి. అక్కడ బి.ఓ.పి.ని విప్పే పనిలో ఉండగా బావి ఎగదన్నింది. జూన్ 9న మంటలంటుకుని ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. నవంబరు దాకా బావి పూర్తిగా అదుపులోకి రాలేదు. ఇక కోనసీమలోని పాశర్లపూడి బావి సంగతి మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. 1995 జనవరి 8న మొదలైన మంట 65 రోజులు మండింది.

ఇప్పుడు మన శిక్షణ కేంద్రాల దగ్గరికి వస్తాను. మా బంధువుల అబ్బాయి ఈ మధ్య లామినేషన్ చేసిన సర్టిఫికెట్ తెచ్చి చూపించాడు. రిగ్గు ఫ్లోరు పనికి అర్హుడని రాసి ఉంది. తల్లి గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. "పంపు ఆపాక కూడా బావిలోంచి మడ్ వస్తుంటే ఏం చేస్తావురా?" అని అడిగాను. "అసెంబ్లీ పాయింటుకు పరుగెత్తాలి బాబాయ్" అన్నాడు. అతని తప్పేం లేదు, శిక్షణ కేంద్రంలో చెప్పింది అదే. నేనే వెళ్లి ఆ కేంద్రం చూశాను. గోడ మీద మండుతున్న బావి ఫొటో నిలువెత్తున ఉంది. హెల్మెట్లు, బెల్టులు, పైపు కోసే గ్యాసు కటింగ్ సెట్టు ఉన్నాయి. మడ్ బరువు తూచే చిన్న త్రాసు లేదు. ట్రిప్ ట్యాంకు షీటు ఎలా ఉంటుందో చెప్పే కాగితం లేదు. గల్ఫ్‌కు పంపుతామనే చోట హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి 'కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది' అని రాసి వదిలేశారు. గాఢత పెరిగితే ఆ విషవాయువు ముక్కు మొద్దుబారేలా చేస్తుందని, వాసన పోయిందంటే వాయువు పోయినట్టు కాదని రాయలేదు. ఈ సగం పాఠం మనిషి ప్రాణం తీస్తుంది.

డ్రిల్లర్లు, సూపర్‌వైజర్లు రెండేళ్లకోసారి వెల్ కంట్రోల్ పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అది అంతర్జాతీయ పద్ధతి. మన దేశంలో 2025 నవంబరు దాకా చమురు బావి కూడా 1952 నాటి గనుల చట్టం కిందికే వచ్చేది, 2017 ఆయిల్ మైన్స్ రెగ్యులేషన్స్ ఉన్నాయి, కొత్తగా చేరే కార్మికుడికి వృత్తి శిక్షణ ఇవ్వాలన్న నియమాలు 1966 నుంచే ఉన్నాయి. కాగితం మీద లోటు లేదు. కాంట్రాక్టు మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ శిక్షణ ఒక హాలులో హిందీ వీడియో, హాజరు పట్టీలో సంతకంగా మిగులుతోంది. మన పిల్లలు హిందీ తరువాత నేర్చుకుంటారు, పని అలవాటవుతుంది. మొదటి నెలలోనే కిక్ వస్తే?

కాబట్టి నా విన్నపం పెద్దదేమీ కాదు. జిల్లా ఉపాధి అధికారులు, ఐటీఐ ప్రిన్సిపాళ్లు ఈ కేంద్రాలను ఒకసారి చూసి రండి. కిక్ ముఖ్య లక్షణాలు నాలుగింటిని తెలుగులో గోడ మీద రాయించండి: పంపు వేగం మారకుండా తిరిగి వచ్చే మడ్ పెరగడం, ట్యాంకు మట్టం లేవడం, పంపు ఆగినా బావి పారడం, పైపు తీసేటప్పుడు బావి తాగవలసినంత మడ్ తాగకపోవడం. బిట్టు ఒక్కసారిగా వేగంగా దిగిపోతే ఆగి చూడమని ఐదో వాక్యంగా కలపండి. బావి మూయడానికి డ్రిల్లరు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదని, అనుమానం వచ్చిన ప్రతివాడూ కేక వేయవచ్చని చేరే రోజునే చెప్పించండి. తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందు మడ్ త్రాసు చూపించమని అడగండి. విదేశాలకు పంపుతామనే ఏజెంటు దగ్గర 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అప్పుడే అడగండి, ఆ ముఖంలో మార్పును బట్టి చాలా తెలుస్తుంది.

రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు, ఒక చిన్న పంపు, ఒక స్కేలు, కొన్ని ఇనుప పైపు ముక్కలు ఉంటే ట్రిప్ ట్యాంకు పాఠం ఒక మధ్యాహ్నంలో చెప్పేయవచ్చు. పలాసలోనో, సోంపేటలోనో, ఇచ్ఛాపురంలోనో ఎవరు చోటు చూపించినా వస్తాను. డబ్బులు వద్దు, ఆటో చార్జీ కూడా నేనే పెట్టుకుంటాను. మీ కథనంలోని నిర్వాహకుడు కూడా వచ్చి ముందు వరుసలో కూర్చుంటే ఇంకా మంచిది, బోర్డు మీద ఆ 336 లెక్క ఆయన చేతే వేయిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రిల్లర్,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా