మూడు రంధ్రాలుంటే ఎర్త్ ఉన్నట్టు కాదు

సంపాదకుడు గారికి,

వానల్లో కరెంటుతో జాగ్రత్త అంటూ పోయిన వారం మీ జిల్లా పేజీలో వేసిన వార్త చదివాను. తడి చేతులతో స్విచ్చులు ముట్టుకోవద్దు, తెగిపడిన తీగల దగ్గరికి పోవద్దు. ఏటా ఇవే మాటలు. గోడలో ఎర్తే (లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ) లేని పాత ఇళ్ల గురించి ఒక్క ముక్క లేదు. మా మూలాపేటలోనే అలాంటివి ఎన్నో ఉన్నాయి.

మాది మా మామగారు 1974లో కట్టిన మిద్దె. చెక్క పట్టీల మీద వైరింగు, ఎరుపూ నలుపూ రెండే తీగలు, రెండు పిన్నుల ప్లగ్గులు. ఫ్రిజ్ కొన్నప్పుడు మూడు పిన్నుల సాకెట్ పెట్టమని ఒకతన్ని పిలిచాం. అరగంటలో పెట్టేశాడు. ఫేజుకీ (కరెంటు వచ్చే తీగ) ఎర్త్ రంధ్రానికీ మధ్య బల్బు పెట్టి వెలిగించి, ‘చూడండి మా, ఎర్త్ వచ్చేసింది’ అన్నాడు. నమ్మాం.

రెండేళ్ల తర్వాత ఒక గాలివాన రాత్రి లైట్లన్నీ ఆరిపోయాయి. కరెంటు పోయిందనుకుని అత్తయ్య నీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తలుపు పట్టుకుంది. షాక్ విసిరికొట్టింది. గడప మీద పడి చెయ్యి వాచింది, ప్రాణం దక్కింది.

తెల్లారి ఇంకో ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ సాకెట్ విప్పి చూపించాడు. రెండంగుళాల నల్ల తీగ ముక్క, ఒక కొస న్యూట్రల్‌కి (కరెంటు తిరిగిపోయే తీగ), ఇంకో కొస ఎర్త్ పిన్నుకి. అంతే మా ఎర్త్! మీటరు దగ్గర న్యూట్రల్ తుప్పుపట్టి ఊడిందట. తిరిగిపోయే దారి లేక, వేసి ఉన్న లైట్ల గుండా వచ్చిన కరెంటు ఆ ముక్క పట్టుకుని ఫ్రిజ్ ఒంటికెక్కింది. లైట్లు లేవు, షాక్ ఉంది. న్యూట్రల్‌కి కలిపినా, నిజమైన ఎర్త్‌కి కలిపినా బల్బు వెలుగుతుంది. విప్పి చూస్తే తప్ప తేడా తెలియదు.

సరైన పని ఏమిటో అతనే చేసి చూపించాడు. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ పోసి జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప గొట్టం) దించాడు. అక్కడి నుంచి మెయిన్ బోర్డుకీ, బోర్డు నుంచి ఒక్కో ప్లగ్గుకీ పచ్చ వైరు లాగాడు. మెయిన్‌లో షాక్ కొడితే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్చు పెట్టాడు. ఫ్యూజు బదులు పెట్టే ఎంసీబీ స్విచ్చు ఉందిగా అని చాలామంది ధీమా. అది ఓవర్‌లోడుకీ షార్ట్ సర్క్యూట్‌కీ పడిపోతుంది, మనిషికి షాక్ కొడితే పడదు. ఆర్‌సీసీబీ అయితే పోయిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిచూసి, తేడా వస్తే రెప్పపాటులో ఆపేస్తుంది. ఎర్త్ లేని పాత ఇంట్లోనూ పనిచేస్తుంది. డబ్బు చాలకపోతే ముందు అదైనా పెట్టించుకోవాలి. అంతేగానీ, రెండు రంధ్రాల్లో పట్టడం లేదని గ్రైండర్ ప్లగ్గుకున్న లావు ఎర్త్ పిన్ను విరగ్గొట్టకండి. మా వీధిలో రెండిళ్లలో నా కళ్లతో చూశాను.

మరి అధికారులు? మీటరు మార్చడానికి వచ్చారు, నెలనెలా రీడింగుకి వస్తున్నారు, బిల్లు ఆలస్యమైతే ఫ్యూజు పీకడానికీ వస్తారు. ఇన్నేళ్లలో ఒక్కరు, ‘అమ్మా, మీ ఇంటికి ఎర్త్ ఉందా?’ అని అడగలేదు. అద్దె ఇళ్ల ఓనర్లకు రంగులు వేయించడానికి డబ్బులుంటాయి, పచ్చ వైరుకి ఉండవు. స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతివాడూ ఎలక్ట్రీషియనే. అడిగితే ‘ఊరంతా ఇట్టనే చేస్తన్నాం’ అంటారు. ఊరంతా చేస్తున్నారనే నా భయం.

దయచేసి వచ్చే ఆదివారం రెండు బొమ్మలు పక్కపక్కన వేయండి. ఒకటి పచ్చ వైరు వచ్చిన సాకెట్, రెండోది ఆ నల్ల ముక్క తగిలించిన సాకెట్. మెయిన్ ఆపేసి, తెలిసినవాళ్ల చేత ఒక్క సాకెట్ విప్పించి పోల్చుకోమనండి.

– ఒక గృహిణి, మూలాపేట, నెల్లూరు