రెండు అంకెలు మారిస్తే మార్స్ హెలికాప్టర్ కాదు

సంపాదకులకు నమస్కారం.

అంగారకుడి మీద గురుత్వం మన దగ్గరున్న దానిలో 38 శాతమే కాబట్టి అక్కడ చిన్న హెలికాప్టర్ ఎగరడం తేలికేనని చాలామంది ఇంజినీరింగ్ విద్యార్థులు అనుకుంటున్నారు. మామూలు డ్రోన్ సిమ్యులేటర్‌లో గురుత్వం, గాలి సాంద్రత మార్చి ప్రాజెక్టు ముగిస్తున్నారు. ఆ ఫలితాన్ని ఎందుకు నమ్మకూడదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు కాగితం మీద లెక్క చూడండి. అంగారకుడి మీద నాసా ఎగరేసిన చిన్న హెలికాప్టర్ ఇన్‌జెన్యూటీ ద్రవ్యరాశి 1.8 కిలోలు, ఒకదాని కింద ఒకటి తిరిగే దాని రెండు రోటర్ల (తిరిగే రెక్కల) వ్యాసం 1.21 మీటర్లు. సాంద్రత ఘనపు మీటరుకు 0.015 కిలోలు అనుకుంటే, గాలిలో కదలకుండా నిలవడానికి ఏ నష్టమూ లేని ఆదర్శ రోటర్‌కు దాదాపు 93 వాట్లు కావాలి. అదే యంత్రానికి భూమ్మీద 44 చాలు. బరువు తగ్గినా శక్తి రెట్టింపయింది! శని ఉపగ్రహం టైటాన్ మీద సాంద్రత సుమారు 5.4, గురుత్వ త్వరణం సెకను వర్గానికి 1.35 మీటర్లే కాబట్టి ఒక్క వాట్‌తో పని జరిగిపోతుంది.

ఈ 93 వాట్ల దాకా ఏ సిమ్యులేటరైనా సరిగ్గానే చెబుతుంది. తప్పేది ఆ తర్వాత, బ్లేడు డ్రాగ్ (కదలికను గాలి అడ్డుకునే బలం) దగ్గర. పలచని గాలిలో రేనాల్డ్స్ సంఖ్య (గాలి జడత్వానికీ జిగటకూ ఉన్న నిష్పత్తి) 10 వేల దరిదాపులకు పడిపోతుంది. బ్లేడు ఉపరితలాన్ని గాలి తొందరగా వదిలేస్తుంది, డ్రాగ్ పెరుగుతుంది. లక్షల్లో ఉండే రేనాల్డ్స్ సంఖ్యలకు తయారైన ఏరోఫాయిల్ (బ్లేడు అడ్డుకోత ఆకారం) పట్టికలు ఇక్కడ లేని లిఫ్ట్‌ను (పైకెత్తే బలాన్ని) చూపిస్తాయి. బ్లేడును కనీసం 20 ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు దాని రేనాల్డ్స్ సంఖ్యకు, మాక్ సంఖ్యకు (ధ్వని వేగంతో పోల్చిన వేగానికి) తగిన విలువలు ఇవ్వాలి. పై రోటర్ నుంచి దిగే గాలి కింది రోటర్‌కు తగులుతుందన్నదీ లెక్కలోకి రావాలి.

లిఫ్ట్ చాలకపోతే వేగం పెంచుదామంటే మాక్ సంఖ్య అడ్డు. చల్లని కార్బన్ డయాక్సైడ్‌లో ధ్వని వేగం సెకనుకు సుమారు 240 మీటర్లే. 2537 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర బ్లేడు కొన సెకనుకు 160 మీటర్లు దాటుతుంది, అంటే మాక్ 0.67. పైగా సాంద్రత స్థిరం కాదు. ధ్రువాల వద్ద కార్బన్ డయాక్సైడ్ గడ్డకట్టే రుతువులో గాలి ఇంకా పలచబడుతుంది. ఇన్‌జెన్యూటీని 0.0145 నుంచి 0.0185 వరకు సాంద్రతకు సిద్ధం చేశారు. 2021 సెప్టెంబరులో అది 0.012 దాకా పడిపోవచ్చని అంచనా వచ్చింది. కనీసం 30 శాతం ఉండాల్సిన థ్రస్ట్ మిగులు (బరువు మోయగా మిగిలే ఎత్తుడు బలం) 8 శాతానికి దిగజారే ప్రమాదం రావడంతో వేగాన్ని 2700 ఆర్‌పీఎంకు పెంచారు. ఒక్క సాంద్రతతో నడిపిన సిమ్యులేషన్‌లో ఇలాంటి గండం కనిపించే అవకాశమే లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది బ్లేడ్ల ఊపు. భూమ్మీద బ్లేడు పైకీ కిందికీ ఊగితే గాలే దాన్ని అణచివేస్తుంది. అక్కడ ఆ అణచివేత నూరో వంతుకు చేరుతుంది, ఊపు త్వరగా చావదు. బ్లేడ్లను గట్టి కడ్డీలుగా ఊహించుకునే మోడల్‌లో కంట్రోలర్ చక్కగా పనిచేస్తుంది, అసలు యంత్రంలో ఆ ఊపుతోనే తలపడుతుంది. అందుకే కార్బన్ ఫైబర్‌తో చాలా బిరుసైన బ్లేడ్లు చేశారు. మీ మోడల్‌లో ఆ బిరుసుతనం సంఖ్యగా ఉండాలి.

మోటారు వేడి కూడా చేర్చండి. ఎగురుతున్నప్పుడు సెకనుకు దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది, పలచని గాలి చల్లబరచదు. బ్యాటరీ మిగిలి ఉన్నా దిగక తప్పదు. ఇన్‌జెన్యూటీ 72 ప్రయాణాల్లో అత్యంత సుదీర్ఘమైనది 169.5 సెకన్లే.

సరిచూసుకోవడానికి 2021 ఏప్రిల్ 19 నాటి తొలి ప్రయాణం తీసుకోండి: 3 మీటర్ల ఎత్తు, 39.1 సెకన్లు, 2537 ఆర్‌పీఎం. ఆ వేగంలో మీ మోడల్ 6.7 న్యూటన్లు ఎత్తలేకపోయినా, 30 శాతం కన్నా చాలా ఎక్కువ మిగులు చూపినా, కంట్రోలర్ జోలికి వెళ్లకముందే ఏరోఫాయిల్ పట్టికను అనుమానించండి.

భవదీయులు,
రోటర్ గతిశాస్త్రం బోధించే అధ్యాపకులు