ఈ ఏడాది నీళ్లలో ఏం చూశాం: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది నిబంధన కాబట్టి రాస్తున్నాను, ఆ నిబంధన లేకపోయినా ఈసారి రాసేదాన్నే, ఎందుకంటే కొందరు ఏడాదంతా పడ్డ కష్టం ఎక్కడో ఒకచోట అక్షరాల్లో ఉండాలి. మన తీరం నీళ్లలో తేలుతూ బతికే ప్లవకాల్ని, అంటే చాలావరకు కంటికి ఆనని జీవుల్ని, వారం వారం చూసి లెక్క రాయడానికే ఈ సంఘం అని మీకు తెలిసిందే, ఆ ముచ్చట అంతకన్నా ఎత్తను.

ముందుగా థాంక్స్. తెల్లవారకముందే లేచి వలా సీసాలూ మోసుకొచ్చిన నలుగురికి, అడిగిన ప్రతిసారీ కాదనకుండా పడవ ఇచ్చి తనే నడిపిన అన్నకి, మూలనపడ్డ రెండు మైక్రోస్కోపుల్ని విప్పి లెన్సులు తుడిచి మళ్లీ పనిచేయించిన రిటైర్డ్ ల్యాబ్ అసిస్టెంట్ గారికి, ప్రతి స్లైడునీ ఫొటో తీసి తేదీ, పేరు రాసిపెట్టిన ఇద్దరు డిగ్రీ అమ్మాయిలకి. ఇంకొక పెద్దాయన ఉన్నారు, పేరు రాయొద్దన్నారు. పని అయ్యాక అందరూ వెళ్లిపోతే ఆయన ఒక్కరే ఉండి వలని మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేసేవారు. వల రంధ్రాలు 20 మైక్రాన్లే (మిల్లీమీటరులో యాభయ్యో వంతు), ఒక్కసారి కడగకపోయినా ఉప్పు, జిగురు పట్టి పూడుకుపోతాయి. ఆ వల ఇంకా పనిచేస్తోందంటే ఆయన వల్లే.

వారం వారం చేసిన పని మీకు తెలిసిందే. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో తెలియడానికి సెక్కీ డిస్క్ దించి అది కనపడకుండా పోయే లోతు రాసుకోవడం, వల లాగడం, సీసాలో లూగాల్ ద్రావణం (అయోడిన్ కలిసినది) చుక్కలు వేసి భద్రం చేయడం, లెక్కపెట్టడం. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ వాడిన తెల్లటి పళ్లెం పద్ధతే ఇప్పటికీ వాడుతున్నాం, దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, చూసే మనిషి ఉంటే చాలు. ఆ మనిషి సంగతి కింద చెప్తాను.

లెక్కల్లో ఎక్కువసార్లు కనపడినవి గాజులాంటి గోడ ఉన్న ఏకకణ జీవులు, డయాటమ్‌లే. గుండ్రటి నాణెంలాంటి కాసినోడిస్కస్, గొలుసు కట్టి ముళ్లు చాపుకున్న కీటోసెరాస్. ఇక్కడ ఒక పొరపాటు దిద్దుకున్నాం, అది రికార్డులో ఉండాలి. ఒకే డయాటమ్‌ని కొన్ని నెలలు రెండు పేర్లతో రాసుకున్నాం, పెద్దది ఒక జాతి, చిన్నది ఇంకో జాతి అనుకుని. డయాటమ్ గోడ సిలికాతో కట్టిన డబ్బా, మూతా అడుగూ ఉన్నట్టు రెండు ముక్కలు. కణం రెండుగా విడిపోయేటప్పుడు పిల్ల కణాలు చెరో ముక్క తీసుకుని, దానికి లోపల సరిపోయే చిన్న ముక్క కొత్తగా కట్టుకుంటాయి. దాంతో అడుగు ముక్క తీసుకున్న కణం కాస్త చిన్నదవుతుంది, అలా తరతరానికీ సగటు సైజు తగ్గుతూ పోతుంది. మరీ చిన్నవైపోయాక లైంగిక పునరుత్పత్తి జరిగి మళ్లీ పూర్తి సైజు కణం తయారవుతుంది. పాత ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి, మనం చూసింది ఈ తగ్గుదలనేనని పట్టుకున్నది ఆ డిగ్రీ అమ్మాయిలే. లాగ్ పుస్తకంలో ఎర్ర సిరాతో సరిచేశాం.

ఇంకో దిద్దుబాటు మన పోస్టర్ గురించి. 'మీరు పీల్చే ప్రతి రెండో శ్వాస సముద్రం ఇచ్చిందే' అని పెద్ద అక్షరాలతో వేయించాం. సైన్స్ టీచరుగా పనిచేసే మన సభ్యురాలు అది తప్పని చెప్పారు, ఆవిడ చెప్పిందే నిజం. భూమ్మీద ఏటా జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలో ఎండతో ఆహారం చేసుకునే ఈ కంటికి ఆనని జీవులదే (వృక్ష ప్లవకాలంటే ఇవే), అంతవరకు నిజం. కానీ ఆ తయారైన ఆహారాన్ని తినే బ్యాక్టీరియా, జంతువులు అందులోంచి వచ్చిన ఆక్సిజన్‌ని దాదాపు మొత్తం అక్కడికక్కడే వాడేస్తాయి. గాలిలో ఉన్న ఆక్సిజన్ కోట్ల సంవత్సరాలుగా, కుళ్లకుండా మట్టిలో పూడిపోయిన ఆ కాస్త కార్బన్ పుణ్యమా అని పోగుపడింది. పోస్టర్ మార్చాం. నిజానికి అసలు విషయమే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంది: భూమ్మీది మొక్కల మొత్తం బరువులో వృక్ష ప్లవకాలు ఒక శాతం కూడా ఉండవు, అయినా సగం పని వాటిదే. ఎలాగంటే అడవి ఏళ్ల తరబడి నిలబడుతుంది, ఇవి అలా కాదు, రోజుకోసారి రెండవుతాయి, ఆ రోజే ఏదో ఒకటి వాటిని తినేస్తుంది. సముద్రంలోని మొత్తం ప్లవకాల పంట ఇంచుమించు వారానికోసారి మారిపోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

అతిథి ఉపన్యాసానికి వచ్చిన పరిశోధకురాలు మన వలలో పడనివాటి గురించి మాట్లాడారు, అందరికీ బాగా నచ్చింది. ప్రోక్లోరోకాకస్ ఒక మైక్రాన్ కూడా ఉండదు, మన వల రంధ్రంలోంచి హాయిగా జారిపోతుంది, మన మైక్రోస్కోపుకీ సరిగ్గా చిక్కదు. భూమ్మీద అన్నిటికన్నా ఎక్కువ సంఖ్యలో ఉన్న కిరణజన్య జీవి అదే, అయినా 1980ల దాకా ఎవరికీ తెలియదు. శాలీ చిజమ్, రాబర్ట్ ఓల్సన్ బృందం, కణాల్ని లేజరు కాంతిలో ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్‌ని ఓడ ఎక్కించాక గానీ బయటపడలేదు, వాళ్ల పేపరు 1988లో వచ్చింది. వృక్ష ప్లవకాలు తయారుచేసిన దాంట్లో దాదాపు సగం నీళ్లలో కరిగిపోయి బ్యాక్టీరియా చేతికి వెళ్తుందని, ఆ బ్యాక్టీరియాని కొరడాలాంటి తోకతో ఈదే చిన్న కశాభ జీవులు తింటే ఆ ఆహారం మళ్లీ పై గొలుసులోకి వస్తుందని, మిల్లీలీటరు నీళ్లలో కోటి దాకా ఉండే వైరస్‌లు రోజూ ఆ బ్యాక్టీరియాలో చెప్పుకోదగ్గ భాగాన్ని పగలగొట్టి పోషకాలని తిరిగి నీళ్లలోకి వదులుతాయని చెప్పారు. వైరస్ అంటే రోగమే అనుకునేవాళ్లకి ఆ రోజు బుర్ర తిరిగింది. ఆ పరిశోధకురాలికి మన కృతజ్ఞతలు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన రోజు. ఉదయం నమూనాకి వెళ్లినవాళ్లకి నీళ్లు ఇటుక రంగులో చారలు చారలుగా కనిపించాయి. స్లైడు మీద ఒక చుక్క వేయగానే తెలిసిపోయింది, నాక్టిలూకా అనే ఏకకణ ప్లవకం. కంటికి కూడా చుక్కలా కనిపించే సైజు, పారదర్శకమైన బంతి, ఒక చిన్న తోక. ఫోన్లు చేసుకుని సాయంత్రానికల్లా బల్లలు, మైక్రోస్కోపులు, బకెట్లు తీరానికి చేర్చాం, పిల్లలూ పెద్దలూ అనుకున్నదానికన్నా చాలా ఎక్కువమంది వచ్చారు. లైట్లన్నీ ఆర్పించి ఒక పాపని బకెట్లో చెయ్యి పెట్టమన్నాం. నీలి వెలుగు వేళ్ల చుట్టూ చుట్టుకుంది. పాప చెయ్యి తీసి, తన వేళ్ల వంక చూసుకుని, మళ్లీ పెట్టింది. ఆ తర్వాత లైను ఆగలేదు. తనని తినడానికి వచ్చిన చిన్న జంతువు కదిపితే నాక్టిలూకా వెలుగుతుంది, ఆ వెలుగులో ఆ జంతువే తన శత్రువు కంట్లో పడుతుందని ఒక వివరణ ఉందని చెప్తే, ఒక కుర్రాడు 'అంటే దొంగొచ్చాడని కేక వేయడమే కదా' అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను. మైక్రోస్కోపులో ఆ బంతి లోపల మింగిన డయాటమ్ స్పష్టంగా కనిపించింది. పుస్తకంలో ఆహార గొలుసు అని బాణాలు గీసి చెప్పేదాన్ని జనం ఆ రాత్రి కళ్లతో చూశారు.

ఆ ఉదయమే సంబంధిత కార్యాలయానికి ఫోన్ చేశాం, రాతపూర్వకంగా కూడా ఇచ్చాం. నీళ్లు ఎర్రబడితే అన్నిసార్లూ ఒకటే కారణం కాదు. అలెగ్జాండ్రియంలాంటి డైనోఫ్లాజెల్లేట్ (కశాభాలతో ఈదే ఏకకణ ప్లవకం) అయితే ఆల్చిప్పల్లో విషం పోగుపడి తిన్నవాళ్లకి పక్షవాతం తెస్తుంది. నాక్టిలూకాకి అలాంటి విషం లేదు గానీ అమ్మోనియా ఉంటుంది, చచ్చి కుళ్లితే ఆక్సిజన్ తగ్గుతుంది. అమ్మోనియా, ఆక్సిజన్ కొలవడానికి ల్యాబ్ కావాలి, అది వాళ్ల దగ్గర ఉంది. ఎవరూ రాలేదు. వారం తర్వాత ఒకాయన ఫోన్ చేసి ఇప్పుడు నీళ్లు మామూలుగానే ఉన్నాయి కదా అన్నారు. ఉంటాయి మరి, వారం గడిచింది. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

అయితే కోపం వాళ్ల మీద మాత్రమే పెట్టుకోలేను. ఆ ఎర్రనీళ్లకి ముందు మూడు వారాల నమూనాలు మన దగ్గర లేవు. జాబితాలో పేర్లు ఇచ్చినవాళ్లు రాలేదు, రాలేమని ముందు రోజు కూడా చెప్పలేదు. నాక్టిలూకా పెరగడానికి ముందు డయాటమ్‌లు ఎగబడి పెరిగాయా, ఏ జాతి, ఎన్ని? ఈ ఏడాది మన లాగ్ పుస్తకం చెప్పగలిగిన అతి ముఖ్యమైన విషయం అదే, అక్కడే మూడు పేజీలు ఖాళీ. పంట మొత్తం వారానికోసారి మారుతుందని పైన రాశాను కదా, ఆ మూడు వారాల జీవులు ఇక లేవు, ఆ నీళ్లని ఇప్పుడు ఎవరూ తెచ్చివ్వలేరు. బ్రిటిష్ సముద్ర జీవశాస్త్రవేత్త అలిస్టర్ హార్డీ మొదలుపెట్టిన ప్లాంక్టన్ రికార్డర్ సర్వే 1931 నుంచి నడుస్తోంది, మామూలు సరుకు ఓడల వెనక ఒక పట్టుబట్ట చుట్ట ఉన్న పెట్టె కట్టి లాగడమే. రెండో ప్రపంచయుద్ధంలో ఆగి మళ్లీ మొదలైంది. ఉత్తర అట్లాంటిక్‌లో వెచ్చటి నీళ్లలో బతికే, చిన్న రొయ్యల్లాంటి కోపిపాడ్‌లు ఉత్తరానికి జరిగాయని తెలిసింది ఆ విడవకుండా లాగిన బట్ట వల్లే. మనకి యుద్ధం ఏమీ రాలేదు.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో బల్ల మీద ఉన్నాయి, చూసుకోండి. ఖర్చు ఎక్కువగా మైక్రోస్కోపు బల్బులకి, సీసాలకి అయింది, కొంచెం మిగిలింది. చందా బాకీ ఉన్నవాళ్లు కోశాధికారిని కలవండి.

వచ్చే ఏడాదికి రెండో వల కావాలి, వర్షాకాలంలో మట్టినీళ్లప్పుడు సెక్కీ లోతుని ఎలా చదవాలో ఒక శిక్షణ పెట్టాలి, బడి పిల్లలకి మైక్రోస్కోపు రోజు నెలకొకటి చేయాలని కమిటీ అనుకుంది. డిగ్రీ అమ్మాయిలిద్దరూ పై చదువులకి వెళ్లిపోతున్నారు, ఫొటోలు తీసే పని ఎవరైనా వాళ్ల దగ్గర ఇప్పుడే నేర్చుకోవాలి.

తర్వాతి నమూనా వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి. వారాల జాబితా తలుపు పక్కన అంటించాను, అందులో ఏడు వారాలు ఖాళీగా ఉన్నాయి. వెళ్లేముందు పేరు రాయండి, పక్కన ఫోన్ నంబరు కూడా.

మీ కార్యదర్శి