ఆ ఎస్‌ఓపీలో సాఫ్ట్‌వేర్ల లిస్టు కాదు, ఒక పాఠం గురించి రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ చదువుల పేజీ నేను వదలకుండా చదువుతాను, కానీ ఎప్పుడు చూసినా ఎంఎస్, ఎంబీఏ, వీసా ఈ మూడే తప్ప గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అని ఒకటుందని పెద్దగా రాయరు, రాసినా "తక్కువ టైంలో అమెరికా చదువు" అని ఒక్క లైన్లో తేల్చేస్తారు. నేను ఇన్‌స్ట్రక్షనల్ టెక్నాలజీ ఫీల్డ్‌లోనే ఉన్నాను, కంపెనీలకి ట్రైనింగ్ కోర్సులు తయారుచేసే పని. ఈ ఫీల్డ్‌లో సర్టిఫికెట్ కోర్సుకి అప్లై చేసేవాళ్లు, ఎక్కువగా టీచర్లు, ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో అప్లికేషన్‌తో పాటు రాసిచ్చేది) ఒకసారి చూసిపెట్టమని నాకు పంపిస్తుంటారు. అవి చదివీ చదివీ ఈ ఉత్తరం రాస్తున్నా.

అమెరికా యూనివర్సిటీల్లో ఈ సర్టిఫికెట్ అంటే డిగ్రీ అయినవాళ్లకి మామూలుగా 12 నుంచి 18 క్రెడిట్లు ఉండే చిన్న కోర్సు, నాలుగైదు సబ్జెక్టులు, మహా అయితే ఆరు. మాస్టర్స్‌కైతే 30, 36 అలా ఉంటాయి. ఈ క్రెడిట్లని తర్వాత మాస్టర్స్‌లో కలుపుకోవచ్చని చాలా యూనివర్సిటీలు చెప్తాయి, అయితే ఎన్ని కలుపుతారు, ఎన్నేళ్లలోపు చేరితే కలుపుతారు అనేది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి అప్లికేషన్ ఫీజు కట్టకముందే మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకుని దాచుకోవాలి. ఫోన్లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

వీసా కోసం దీన్ని చూసేవాళ్లు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఈ ఫీల్డ్‌లో సర్టిఫికెట్లు చాలావరకు పూర్తిగా ఆన్‌లైన్, ఆన్‌లైన్ కోర్సు మీద ఐ-20 (స్టూడెంట్ వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) రాదు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి కూడా టర్మ్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసే ఫుల్‌టైం లెక్కలోకి వస్తుంది. అందరూ ఆశపడే 24 నెలల స్టెమ్ ఓపీటీ ఎక్స్‌టెన్షన్ (సైన్సు, టెక్నాలజీ లాంటివి చదివినవాళ్లకి చదువయ్యాక అక్కడ పనిచేసుకునే పర్మిషన్ పొడిగింపు) డిగ్రీలకే, సర్టిఫికెట్‌కి ఇవ్వరు. స్కూల్లో టీచర్ లైసెన్సు కూడా దీంతో దానంతటదే రాదు. మరి ఎవరికి పనికొస్తుందంటే, ఇప్పటికే పాఠాలు చెప్తున్నవాళ్లకి, కంపెనీల్లో ట్రైనింగ్ చూసేవాళ్లకి, హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి భార్యగానో భర్తగానో అక్కడున్నవాళ్లకి (వాళ్లు చదువుకోడానికి ఐ-20 అక్కర్లేదు), ఉద్యోగం మానకుండా ఇంట్లోంచే చదవాలనుకునేవాళ్లకి.

ఇక అసలు సంగతి ఎస్‌ఓపీ. నాకొచ్చేవాటిలో చాలావాటికి మొదటి లైను ఒకటే, చిన్నప్పట్నుంచీ నాకు టెక్నాలజీ అంటే ప్రాణం అని. తర్వాత మూడ్‌ల్ వచ్చు, స్టోరీలైన్ వచ్చు, కాన్వా వచ్చు అని లిస్టు, చివర్లో మీ గొప్ప యూనివర్సిటీలో సీటిస్తే ధన్యుణ్ణి అని ఒక దండం. ఈమధ్య చాట్‌జీపీటీతో రాయించినవీ వస్తున్నాయి, ఇంగ్లీషు నున్నగా ఉంటుంది కానీ పేరు మార్చి ఎవరికి పంపినా సరిపోతుంది. వీటిని చదివేది ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్లండీ, ఐటీవాళ్లు కాదు. ఈ సబ్జెక్టు కంప్యూటర్లకంటే పాతది, ఏఈసీటీ అనే ఈ సబ్జెక్టువాళ్ల సంఘం 1923లో విజువల్ ఇన్‌స్ట్రక్షన్ విభాగంగా మొదలైంది, అప్పటికి స్లైడ్లూ ఫిల్ములే టెక్నాలజీ. ఇప్పుడు ప్రతి కోర్సులోనూ చెప్పే యాడీ మోడల్ (కోర్సుని మెట్లు మెట్లుగా తయారుచేసే పద్ధతి) మూలాలు 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికా సైన్యం ట్రైనింగ్ కోసం చేసిన పనిలో ఉన్నాయి. దాంట్లో మొదటి మెట్టు అనాలిసిస్, అంటే ఎవరికి, ఏం రావట్లేదు, ఎందుకు రావట్లేదు. సాఫ్ట్‌వేర్ సంగతి ఆ తర్వాత.

లెక్కల టీచరు ఒకావిడ పంపిన ఎస్‌ఓపీ కూడా మొదట ఇలాగే ఉంది. మీ పిల్లలకి ఏది ఎంత చెప్పినా రాదో చెప్పండి మేడం అని అడిగితే, 1/3 పెద్దదా 1/4 పెద్దదా అంటే చాలామంది 1/4 అంటారండీ, 3 కంటే 4 పెద్దది కదా అంటారు అంది. యానిమేషన్ వీడియో వేసి చూపించిందట, బొమ్మలు, మ్యూజిక్, మాట చెప్తుంటే అదే మాట స్క్రీన్ మీద అక్షరాల్లో, పిల్లలు చప్పట్లు కొట్టారు, మళ్లీ అడిగితే మళ్లీ 1/4. తర్వాత ఒకే పొడవున్న కాగితం ముక్కలు ఇచ్చి ఒకటి మూడు మడతలు, ఒకటి నాలుగు మడతలు పెట్టించి పక్కపక్కన పెట్టమంటే అప్పుడు వెలిగిందట. అదే రాయండి అన్నాను. వీడియో ఎందుకు పనిచేయలేదు, మడత ఎందుకు పనిచేసింది, ఆ మడతనే స్క్రీన్ మీద చేయించాలంటే ఎలా అన్నది నేర్చుకోడానికి వస్తున్నానని రాయండి. అనవసరమైన మ్యూజిక్, మాటతో పాటు అదే అక్షరాలు నేర్చుకోడానికి అడ్డం అవుతాయని రిచర్డ్ మేయర్ అనే అమెరికా సైకాలజిస్టు ప్రయోగాలు చేసి చూపించాడు, ఆవిడకి ఆయన పేరు తెలియకపోయినా విషయం తన క్లాసులో చూసేసింది. అది ఏ కన్సల్టెన్సీ రాయగలదు చెప్పండి?

మిగతావి ఓపిక పని. ట్రాన్స్‌క్రిప్టులు (మార్కుల రికార్డులు) కాలేజీ నుంచే నేరుగా వెళ్లాలంటారు, క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ (మన డిగ్రీ అక్కడి లెక్కలో దేనికి సమానమో తేల్చే రిపోర్టు) అడిగితే దానికి వారాలు పడుతుంది, మూడేళ్ల డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు, ముందే కనుక్కోవాలి. సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఆ ముడి కూడా ముందే విప్పుకోవాలి. జీఆర్ఈ చాలాచోట్ల అడగరు, టోఫెల్ లాంటిది అడుగుతారు. రికమండేషన్ లెటర్ పెద్ద హోదా ఉన్నవాళ్ల దగ్గర తెచ్చుకోవాలని తిరుగుతారు గానీ, మీరు పాఠం చెప్తుండగా చూసిన హెడ్మాస్టరు రాసిన అరపేజీకే విలువ ఎక్కువ. పోర్ట్‌ఫోలియో (మీరు చేసిన పని నమూనాలు) అడిగితే ఒక్క పాఠం స్టోరీబోర్డు, అంటే ఏ స్క్రీన్‌లో ఏముంటుందో వరసగా గీసి రాసింది, పెట్టినా చాలు, వీడియో పెడితే మాత్రం క్యాప్షన్లు లేకుండా పెట్టకండి, అక్కడ వినపడనివాళ్లూ కనపడనివాళ్లూ కూడా వాడగలిగేలా ఉందా లేదా అన్నది మొదటే చూస్తారు.

ఎడిటర్ గారూ, నేనడిగేది పెద్దదేం కాదు. కన్సల్టెన్సీలవాళ్ల ప్రకటన లాంటి వ్యాసాల బదులు సర్టిఫికెట్‌కీ డిగ్రీకీ తేడా ఏంటి, వీసా ఎక్కడ వర్తిస్తుంది, క్రెడిట్లు ఎలా కలుస్తాయి అని అరకాలమ్ వేయండి. రాసేవాళ్లు దొరక్కపోతే నేను రాసిస్తాను, పేరు కూడా వేయక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు